లాకౌట్ వస్తే అభిమాని అరుపు ఎవరికైనా వినిపిస్తుందా?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు కుదించి రాస్తున్నాను. డాలస్ వచ్చాక లూకా డాన్చిచ్ ఆట చూసి ఇక్కడి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు మావ్స్‌కి (మావెరిక్స్) అభిమాని అయ్యారు. 2025 ఫిబ్రవరిలో అతన్ని లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కి అప్పజెప్పినప్పుడు మీరు కూడా "ఫైర్ నికో" (నికోని తీసేయండి) అని గొంతు చించుకున్నారు, ఆ నవంబర్‌లో జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఉద్యోగం ఊడింది. ఇప్పుడు 2011 లాకౌట్ గురించి, అంటే ఒప్పందం కుదరక జట్ల యజమానులే ఆట ఆపేసి తాళం వేయడం గురించి, చదివారు. "కోటీశ్వరులూ కోటీశ్వరులూ కొట్టుకుంటే మధ్యలో లేగదూడల్లా మనమెందుకు నలగాలి? అప్పుడు కూడా అందరూ ఇలాగే అరిచి ఉంటే దిగొచ్చేవాళ్ళు కాదా? మళ్ళీ వస్తే బాయ్‌కాట్ చేద్దామా? ఈలోపు సీజన్ టికెట్లో వాటా తీసుకోవచ్చా?" ఇవీ మీరడిగినవి.

ముందే చెప్పేస్తాను. దిగిరారు. లాకౌట్‌లో అభిమాని కోపానికి బేరం బల్ల దగ్గర కుర్చీ లేదు, ఎందుకంటే తలుపులు తెరవగానే మనం తిరిగొస్తామని ఇద్దరికీ తెలుసు. బాయ్‌కాట్ కూడా పనిచేయదు, ఆటే జరగనప్పుడు దేన్ని బాయ్‌కాట్ చేస్తాం? టికెట్ మాత్రం నిక్షేపంగా తీసుకోండి, కాకపోతే డబ్బు కట్టే పద్ధతిలో కొంచెం జాగ్రత్త కావాలి, అది కింద రాశాను.

నా సంగతి రెండు ముక్కల్లో: 1998లో ఎమ్మెస్‌కి టెక్సస్ వచ్చాను, వచ్చీ రాగానే ఒక లాకౌట్ చూశాను. తర్వాత ఇర్వింగ్‌లో మన తెలుగువాళ్ళం కొందరం కలిసి మావ్స్ సీజన్ టికెట్లు పంచుకునే గ్రూపు పెట్టుకున్నాం, డబ్బు వసూళ్ళూ లెక్కలూ నా నెత్తినే ఉన్నాయి. ఉద్యోగం కాంట్రాక్టులు చదివేది కావడంతో సీబీఏ, అంటే లీగ్‌కీ ఆటగాళ్ళ యూనియన్‌కీ మధ్య ఉండే ఒప్పందం, నాకు సరదాగానే ఉంటుంది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది, అది వేరే విషయం.

నికో విషయంతో పోల్చారు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. అప్పుడు మన అరుపు పనిచేసిందంటే దానికి మూడు కారణాలున్నాయి. తీసేయడానికి ఒక మనిషి ఉన్నాడు. అరవడానికి స్టేడియం తెరిచి ఉంది, అది టీవీలో దేశమంతా వినిపించింది. పైగా జట్టు 3 గెలిచి 8 ఓడింది, గెలుస్తూ ఉండి ఉంటే ఆ అరుపుకి అంత బలం ఉండేది కాదని నా అభిప్రాయం. లాకౌట్‌లో ఈ మూడూ ఉండవు. అవతల 30 జట్ల యజమానులు, ఇవతల 400 పైచిలుకు ఆటగాళ్ళు. స్టేడియానికి తాళం. ఓడిపోవడానికి మ్యాచే లేదు. ఎవరి మీద అరుస్తాం, ఎక్కడ నిలబడి అరుస్తాం?

ఇంకొకటి, 2011లో ఆట ఆపింది ఆటగాళ్ళు కాదు. ఇది చాలామంది తెలుగు మిత్రులు తలకిందులుగా చెప్తుంటారు, "అంతంత జీతాలొస్తున్నా సమ్మె చేశారు" అని. పాత ఒప్పందం జూన్ 30తో అయిపోయింది, జూలై 1న యజమానులు తాళం వేశారు. పాత షరతుల మీదే ఆడుతూ మాట్లాడుకుందామంటే ఆటగాళ్ళకి అభ్యంతరం లేదు, ఒప్పుకోనిది యజమానులే. అయినా కోపం ఆటగాళ్ళ మీదికే ఎక్కువ పోయింది. ఎందుకంటే ఆటగాడి జీతం డాలర్లతో సహా పేపర్లో పడుతుంది, యజమాని ఖాతా పుస్తకం మనకెవరూ చూపించరు. 2010-11లో లీగ్ మొత్తం మీద 30 కోట్ల డాలర్లు నష్టపోయామని, 30 జట్లలో 22 నష్టాల్లో ఉన్నాయని యజమానులు చెప్పారు. యూనియన్ ఆ లెక్క ఒప్పుకోలేదు. మనం ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి కాగితం ఏదీ మన చేతిలో లేదు.

అసలు గొడవ ఒక్క అంకె మీద. టికెట్లు, టీవీ, పార్కింగ్, జెర్సీలు, ఇలా ఆట వల్ల వచ్చే రాబడిలో (దీన్నే బీఆర్ఐ అంటారు) ఆటగాళ్ళ వాటా అప్పటిదాకా 57 శాతం. ఆ రాబడి దాదాపు 400 కోట్ల డాలర్లు, అంటే ఒక్కో శాతం విలువ ఏటా సుమారు 4 కోట్ల డాలర్లు. యూనియన్ 53కి దిగింది, తర్వాత 52.5కి. యజమానులు 50 దగ్గర గట్టిగా కూర్చున్నారు. చివరికి 49కీ 51కీ మధ్య తేలింది. అంటే ఆటగాళ్ళు ఏటా పాతిక కోట్ల డాలర్లకు పైగా వదులుకున్నట్టు. ఈ లెక్క తెలిశాక నాకు "ఇద్దరూ ఇద్దరే, ఇద్దరికీ దురాశే" అన్న మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. యూనియన్ తప్పుల్లేవని కాదు. యూనియన్ హోదా వదులుకుని కోర్టుకెక్కే నిర్ణయం నవంబర్ 14 దాకా నాన్చారు, ఆ పని వేసవిలోనే చేసి ఉంటే బేరం ఇంకోలా ఉండేదేమో. కానీ నష్టపోయింది ఎవరు, పట్టు నెగ్గించుకుంది ఎవరు అంటే సందేహం లేదు.

మన డాలస్ వాళ్ళకి ఆ ఏడాది కడుపుమంట ఇంకో రకం. జూన్ 12న మయామీని వాళ్ళ ఊళ్ళోనే ఓడించి మావ్స్ మొట్టమొదటి కప్పు గెలిచారు. డౌన్‌టౌన్‌లో ఊరేగింపు. కొన్న టోపీలకి స్టిక్కర్లు కూడా పీకలేదు, జూలై 1 వచ్చేసింది. పొద్దున జట్టు వెబ్‌సైట్ తెరిస్తే డర్క్ నోవిట్స్కీ లేడు. జేసన్ కిడ్ లేడు. ఒక్క ఆటగాడి ఫోటో లేదు, వీడియో లేదు. లాకౌట్ నడుస్తున్నంతకాలం ఆటగాళ్ళ బొమ్మలు వాడకూడదని లీగ్‌లోని వెబ్‌సైట్లన్నిటి నుంచీ తీసేశారు. డాన్సర్లూ, మస్కట్లూ, కోచ్‌లూ మిగిలారు. కప్పు గెలిచి మూడు వారాలు కాలేదు, గెలిచినవాళ్ళ ముఖాలు సొంత జట్టు పేజీలో లేవు. మా గ్రూపులో ఒకాయన "పెళ్ళి ఆల్బంలో పెళ్ళికొడుకుని కత్తిరించేశారు" అన్నాడు, అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇక రద్దులు మొదలయ్యాయి. సీజన్ నవంబర్ 1న మొదలవ్వాలి. అక్టోబర్ 10న కమిషనర్ డేవిడ్ స్టెర్న్ మొదటి రెండు వారాలు కొట్టేశాడు. అక్టోబర్ 28న నవంబర్ మొత్తం. నవంబర్ 15న డిసెంబర్ 15 వరకూ. వాయిదా వాయిదాకీ నా ఫోను మోగేది, "అన్నా, మన డబ్బులేంటి?" అని. రద్దయిన ఆటల డబ్బు మాకు వెనక్కి వచ్చింది, ఆ విషయంలో ఇబ్బంది పడలేదు. ఇబ్బంది పడింది రీసేల్‌లో కొన్నవాళ్ళు. మా గ్రూపులో ఒకతని నాన్నగారు గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, ఛాంపియన్ జట్టు ఆట చూపిద్దామని అతను నవంబర్ మ్యాచ్‌కి ఒక రీసేల్ సైట్లో మంచి సీట్లు తీసుకున్నాడు. మ్యాచ్ పోయింది, టికెట్ ధర వచ్చింది, సర్వీస్ ఫీజు మాత్రం చాలా మెయిళ్ళు పెట్టినా రాలేదు. పెద్దాయన డిసెంబర్ మొదటి వారంలో వెళ్ళిపోయారు. ఆయనకి ఈ బీఆర్ఐ, సీబీఏ ఏవీ తెలియవు. అంతా విని ఒకటే అడిగారు: "వాళ్ళకి వాళ్ళకి పొత్తు కుదరలేదని ముందే పేపర్లో వచ్చింది గదా, నువ్వెందుకు ముందే కట్టావురా?" మేమెవ్వరం మాట్లాడలేదు.

మరి ఒప్పందం దేనివల్ల కుదురుతుంది? తారీఖుల వల్ల. జూలై, ఆగస్టుల్లో ఎలాగూ ఆట లేదు, ఇద్దరికీ పెద్ద నొప్పి లేదు, అందుకే ఆ రెండు నెలల్లో వచ్చే వార్తలు చదవడం టైం వేస్ట్. ఆటగాళ్ళకి మొదటి జీతం నవంబర్ 15న రావాలి, అది రాలేదు, అప్పుడు వాళ్ళకి తగిలింది. యజమానులకి క్రిస్మస్ టీవీకి పెద్ద పండగ, అది పోతే వాళ్ళకి తగులుతుంది. ఈ రెండిటికీ మధ్య, నవంబర్ 26 తెల్లవారుజామున న్యూయార్క్‌లో ఒప్పందం కుదిరింది. డిసెంబర్ 25న సీజన్ మొదలైంది, 82 బదులు 66 ఆటలు. 1998-99లో కూడా ఇంతే, సీజన్ మొత్తం రద్దు చేస్తామని పెట్టిన గడువు అంచున జనవరి మొదటి వారంలో రాజీపడ్డారు, 50 ఆటలు ఆడించారు, ఫిలడెల్ఫియాలో జరగాల్సిన ఆల్‌స్టార్ ఆట ఎగిరిపోయింది. రెండుసార్లూ అభిమానులు తిట్టారు, పిటిషన్లు పెట్టారు. రెండుసార్లూ గడియారం పనిచేసింది, తిట్లు పనిచేయలేదు.

తిట్టు ఒక్కటి మాత్రం సూటిగా తగిలింది, అది చెప్పకపోతే అన్యాయం. 2011 అక్టోబర్‌లో ఒక అభిమాని ట్విట్టర్‌లో మయామీ యజమాని మికీ ఆరిసన్‌ని దులిపేస్తే, ఆయన ఊరుకోక, నువ్వు తిట్టాల్సిన ఓనర్‌ని నేను కాదు అనే అర్థంలో జవాబిచ్చాడు. అంటే యజమానుల్లోనే కొందరికి ఆడించాలని ఉంది, కొందరు బిగదీస్తున్నారు అని ఆయన నోటితోనే బయటపడింది. లాకౌట్ గురించి నోరు విప్పకూడదని యజమానులకి లీగ్ ఆంక్ష, అందుకని 5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. మైకేల్ జోర్డాన్‌కి కూడా ఒక ఆస్ట్రేలియా పత్రికతో మాట్లాడినందుకు లక్ష డాలర్లు పడింది. జోర్డాన్ కథ ఇంకా రుచిగా ఉంటుంది: 1998లో ఆటగాడిగా ఉన్నప్పుడు వాషింగ్టన్ యజమానితో "లాభం రాకపోతే జట్టు అమ్ముకో" అన్న మనిషి, 2011లో షార్లెట్ యజమానిగా అందరికన్నా బెట్టుగా ఉన్నవాళ్ళ వైపు కూర్చున్నాడు. కుర్చీని బట్టి మాట.

ఆటగాళ్ళు ఆ ఐదు నెలలు ఇంట్లో కూర్చోలేదు. డెరాన్ విలియమ్స్ టర్కీలో బెషిక్‌టాష్‌కి ఆడాడు. కెన్యన్ మార్టిన్, జే.ఆర్. స్మిత్, విల్సన్ చాండ్లర్ చైనా వెళ్ళారు. కెవిన్ డ్యురాంట్ హార్లెమ్‌లోని రకర్ పార్కులో 66 పాయింట్లు కొట్టాడు, అది వీధి కోర్టు, జనం కంచెల మీద ఎక్కి చూశారు. అక్టోబర్ చివర్లో అదే డ్యురాంట్ బోర్ కొడుతోందని, ఎక్కడైనా ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతున్నారా అని ట్వీట్ చేస్తే ఓక్లహోమా స్టేట్ విద్యార్థి ఒకడు రమ్మన్నాడు, నిజంగానే కారేసుకుని స్టిల్‌వాటర్ వెళ్ళి పిల్లలతో ఆడాడు. లాకౌట్ వస్తే కోపంతో ఫోను పట్టుకుని కూర్చోకుండా ఇలాంటివి ఎక్కడ జరుగుతున్నాయో వెతకండి, మామూలు రోజుల్లో అంత దగ్గర నుంచి చూడలేం.

నిజంగా నలిగేది మనం కూడా కాదు. అరీనాలో సీటు చూపించేవాళ్ళు, పార్కింగ్ దగ్గర నిలబడేవాళ్ళు, పాప్‌కార్న్ కౌంటర్లో ఉండేవాళ్ళు, అరీనా పక్కనున్న విక్టరీ స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ళలో టిప్పుల మీద బతికేవాళ్ళు. వీళ్ళది గంట లెక్కన కూలి, ఆట ఉంటేనే పని. 41 ఇంటి ఆటలు 33 అయ్యాయి. 8 రాత్రుల కూలి పోయింది, నవంబర్, డిసెంబర్లలో వరసగా ఖాళీ. వాళ్ళ తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు, ఒప్పందంలో వాళ్ళకి ఒక్క వాక్యం లేదు. మన కోపానికి ఎక్కడైనా చోటు కావాలంటే ఇక్కడ ఉంది.

ఇప్పుడు బాయ్‌కాట్. తలుపులు తెరిచాక మానేద్దాం అంటారేమో. 2011-12లో మానేయలేదు, హాజరు దాదాపు పాత స్థాయిలోనే ఉంది, క్రిస్మస్ ఆటలు జనం విరగబడి చూశారు. 1999లో మాత్రం ఆదరణ తగ్గింది, అది కోపం వల్లేనని కొందరంటారు. నేను నమ్మను. ఆ జనవరిలోనే జోర్డాన్ రిటైరయ్యాడు, కుదించిన సీజన్లో ఆట పరమ చెత్తగా ఉంది, జట్లు సగటున 91.6 పాయింట్లే చేశాయి. చూడటానికి మనిషీ లేడు, ఆటా లేదు. అభిమాని అలిగి మానడు, బోర్ కొట్టి మానతాడు. 2012లో లెబ్రాన్ ఉన్నాడు, డ్యురాంట్ ఉన్నాడు, ఇంకెవరికి గుర్తుంటుంది లాకౌట్?

మనవాళ్ళకి తెలిసిన ఉదాహరణ ఒకటుంది, క్రికెట్‌లోది. 2014 అక్టోబర్‌లో వెస్టిండీస్ ఆటగాళ్ళు వాళ్ళ బోర్డుతో, వాళ్ళ సొంత సంఘంతో జీతాల గొడవపడి ధర్మశాల వన్డే తర్వాత భారత్ పర్యటన మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారు. హైదరాబాద్‌లో జరగాల్సిన టెస్టు అలా పోయింది. అక్కడివాళ్ళు వెస్టిండీస్ బోర్డుని ఏం చేయగలరు? మన బోర్డు శ్రీలంకని పిలిచి వన్డేలు పెట్టింది, ఉప్పల్‌లో ఒకటి పడింది, జనం వెళ్ళి చూశారు.

అరుపు కొంచెం అక్కరకొచ్చేది ఎప్పుడంటే, ఆట జరుగుతుండగా, ఒక పక్షం ఎంచుకుని అరిచినప్పుడు. 2025 జూలైలో ఇండియానాపొలిస్‌లో మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ఆల్‌స్టార్ ఆటకి ఆటగాళ్ళు మాకు రావాల్సింది మాకివ్వండి అని రాసున్న టీషర్టులతో వార్మప్‌కి వచ్చారు. ఆట అయ్యాక ఆ లీగ్ కమిషనర్ ఆట కోర్టు మీద ఉండగానే జనం "పే దెమ్" (వాళ్ళకి డబ్బివ్వండి) అని అందుకున్నారు. 2011లో ఇది లేదు, "ఇద్దరూ దొంగలే" అని అందరినీ కలిపి తిట్టడమే జరిగింది, అలా తిడితే ఎవరికీ వేడి తగలదు. అయితే ఆ మహిళల లీగ్‌లో కూడా అక్టోబర్ 31న పాత ఒప్పందం గడువు వచ్చేసరికి కొత్తది కుదరలేదు, గడువు పొడిగించుకున్నారు. కాబట్టి అరుపు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఇంకో ముఖ్యమైన మాట. లాకౌట్ నడుస్తున్నప్పుడు జరిగేది కాదు, ఒప్పందంలో ఏం రాసుకున్నారో అది చదవండి. 2011లో డాలస్ పోగొట్టుకున్నది 16 ఆటలు కాదు, కప్పు గెలిచిన జట్టులోని టైసన్ చాండ్లర్‌ని. కొత్త ఒప్పందంలో జీతాల పరిమితి దాటిన జట్ల మీద పన్ను బాగా పెరగబోతోందని, జట్టుకి వెసులుబాటు ఉండాలని అప్పటి మావ్స్ యజమాని మార్క్ క్యూబన్ చాండ్లర్‌కి పెద్ద కాంట్రాక్టు ఇవ్వలేదు. అతను న్యూయార్క్ వెళ్ళిపోయాడు, అదే జట్టులోని బరేయా కూడా వెళ్ళిపోయాడు. క్రిస్మస్ రోజు కప్పు బ్యానర్ పైకెక్కించి అదే మయామీ చేతిలో ఓడారు, ఆ వసంతంలో ఓక్లహోమా 4-0తో ఇంటికి పంపింది. పైగా క్రిస్ పాల్‌ని లేకర్స్‌కి పంపే బేరాన్ని లీగ్ అడ్డుకుంటే, ఆ బేరంలో తన పేరు ఉందని అలిగిన లేకర్స్ ఆటగాడు లామార్ ఓడమ్ వచ్చి మన నెత్తిన పడ్డాడు, అతని సంగతి ఇప్పుడు వద్దులెండి. ఇదంతా ఆ కాగితాల పుణ్యమే, ఆ కాగితాలు రాస్తున్న రోజుల్లో మనమంతా రీఫండ్ ఎప్పుడొస్తుందని కొట్టుకుంటున్నాం.

మళ్ళీ వస్తుందా అంటే, దగ్గర్లో నాకు కనిపించడం లేదు. 2017లో, 2023లో తాళం పడకుండానే ఒప్పందాలు అయ్యాయి. 2025-26 నుంచి 11 ఏళ్ళకి సుమారు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం ఉంది, ఇంత డబ్బు పారుతుంటే తూము మూయాలని ఎవరికీ ఉండదు. ఇప్పటి సీబీఏ 2029-30 దాకా, కాకపోతే లీగ్‌కి గానీ యూనియన్‌కి గానీ ఇష్టం లేకపోతే 2028-29 అయ్యాక బయటికి రావచ్చు. మీరు చూసుకోవాల్సింది ఆ ఒక్క వేసవి.

టికెట్ వాటా: ఇప్పుడు నిశ్చింతగా తీసుకోండి. ఒకటి కన్నా ఎక్కువ సీజన్లకి కలిపి కట్టమంటే తొందరపడకండి, ఆ 2029 దాటే పథకం అయితే అసలొద్దు. వాయిదాల పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి, క్రెడిట్ కార్డు మీద కట్టండి. ఆట రద్దయితే డబ్బు తిరిగిస్తారా, వచ్చే ఏడాదికి జమ చేస్తారా, ఎంపిక ఎవరిది అన్నది సంతకం పెట్టకముందే చదవండి, అర్థం కాకపోతే ఆ పేరా ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను. గొడవ నడుస్తున్న ఏడాది అక్టోబర్, నవంబర్ ఆటలకి రీసేల్‌లో కొనొద్దు. అమ్మానాన్నలు వస్తుంటే జనవరి తర్వాత ఆటకి తీసుకెళ్ళండి, రెండు లాకౌట్లలోనూ ఫిబ్రవరికల్లా బంతి కదిలింది.